గుర్రప్పందేల ప్రైజ్ మనీకి ప్రభుత్వ సొమ్ము ఎందుకు? ఒంటారియోలో ఆపేస్తే ఏమైంది?

పందెంలో గెలిచిన గుర్రం యజమానికి దక్కే ప్రైజ్ మనీ ఎక్కడి నుంచి వస్తుంది? పందెం కాసేవాళ్ల జేబుల్లోంచే అని చాలామంది అనుకుంటారు. కానీ అమెరికా, కెనడాల్లోని కొన్ని రాష్ట్రాల్లో అందులో పెద్ద వాటా స్లాట్ మెషీన్ల ఆదాయం నుంచి వస్తోంది. ఆ డబ్బును పందేల వైపు మళ్లించేది ప్రభుత్వమే. గుర్రాలను పెంచేవారికి ప్రోత్సాహకాలు కూడా అందులోంచే ఇస్తారు. ఇదే సొమ్మును ఆసుపత్రులకో, చదువులకో ఖర్చు చేయొచ్చు కదా అన్నది అక్కడ ఏళ్లుగా నడుస్తున్న వివాదం.

ఈ విధానం ఎలా మొదలైంది?

లాటరీలు, క్యాసినోలు వచ్చాక రేస్ కోర్సులకు పోటీ పెరిగింది. పందేలపై కాసే మొత్తం పడిపోతే ప్రైజ్ మనీ తగ్గుతుంది. అది తగ్గితే గుర్రాలు కొనేవారు వెనకాడతారు. చివరికి ఆ దెబ్బ పెంపకందారులకు తగులుతుంది.

దీనికి కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1998లో ఒక మార్గం ఎంచుకుంది. రేస్ కోర్సుల్లోనే ప్రభుత్వ లాటరీ సంస్థ స్లాట్ మెషీన్లు పెట్టింది. వాటి ఆదాయంలో 10 శాతం రేస్ కోర్సు నిర్వాహకులకు, మరో 10 శాతం ప్రధానంగా ప్రైజ్ మనీకి ఇచ్చారు. 2012 నాటికి ఈ రెండూ కలిపి ఏటా సుమారు 34.5 కోట్ల కెనడా డాలర్లకు చేరాయి. ఇప్పటి మారకం రేటులో రూ.2 వేల కోట్ల పైమాటే.

పెంపకందారులకు ఎలా అందుతుంది?

అమెరికాలోని పెన్సిల్వేనియా 2004లో స్లాట్ మెషీన్లకు అనుమతిచ్చే చట్టంలోనే రేసు గుర్రాల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. స్లాట్ల ఆదాయంలో కొంత శాతం ఈ నిధికి వెళ్తుంది. అందులో సుమారు 80 శాతం ప్రైజ్ మనీకి, 16 శాతం పెంపకం ప్రోత్సాహకాలకు, 4 శాతం రంగంలోని వారి ఆరోగ్య బీమా, పింఛన్లకు కేటాయిస్తారు. ఆ రాష్ట్రంలో పుట్టిన గుర్రం గెలిస్తే, దాన్ని ఎప్పుడో అమ్మేసిన పెంపకందారుకూ కొంత బోనస్ అందుతుంది. పొలాలు, మేత, పనివాళ్ల ఉపాధి రాష్ట్రంలోనే నిలవాలన్నది దీని ఉద్దేశం.

వివాదం ఎక్కడుంది?

అసలు అది ప్రభుత్వ సొమ్మేనా అన్న దగ్గరే. మా ప్రాంగణాల్లో స్లాట్లు పెట్టుకున్నందుకు మాకు రావాల్సిన వాటా ఇది అంటుంది రేసింగ్ రంగం. చట్టం మళ్లించకపోతే ఖజానాకు చేరే డబ్బు కాబట్టి ఇది సబ్సిడీయే అంటారు విమర్శకులు. 2020లో పెన్సిల్వేనియా గవర్నర్ టామ్ వుల్ఫ్ ఈ నిధి నుంచి 20.4 కోట్ల డాలర్లను రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకు మళ్లిస్తామని ప్రతిపాదించారు. రేసింగ్ రంగం గట్టిగా వ్యతిరేకించింది. చట్టసభ ఆమోదం దక్కలేదు.

ఆపేసినచోట ఏం జరిగింది?

ఒంటారియోలో పొదుపు మార్గాలు సూచించేందుకు వేసిన డ్రమండ్ కమిషన్ 2012 ఫిబ్రవరిలో ఈ చెల్లింపులను ప్రశ్నించింది. మరుసటి నెల బడ్జెట్‌లోనే, 2013 మార్చి 31తో పథకం ముగుస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఇచ్చిన గడువు ఏడాది.

గుర్రాల పెంపకానికి ఏడాది ఏ మూలకూ చాలదు. ఆడ గుర్రం పిల్లను మోసేది సుమారు 11 నెలలు. ఆ పిల్ల తొలి పందెం పరిగెత్తేది రెండేళ్ల వయసులో. 2011 వసంతంలో గర్భం దాల్చిన గుర్రం 2012లో, సరిగ్గా ప్రకటన వచ్చిన రోజుల్లో ఈనింది. ఆ పిల్ల ట్రాక్ ఎక్కాల్సిన 2014కు పాత ప్రైజ్ మనీ ఉండదు. పెట్టుబడి అప్పటికే పెట్టేశారు కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు. విండ్సర్ రేస్ కోర్సు 2012 ఆగస్టులోనే మూతపడింది.

ముగ్గురు మాజీ మంత్రులతో వేసిన కమిటీ రెండు మాటలు చెప్పింది. పాత పథకంలో జవాబుదారీతనం లేదు. అలాగని సాయం పూర్తిగా ఆపితే ఈ రంగం నిలవదు. దాంతో ప్రభుత్వం దిగొచ్చింది. 2014 నాటికి ఐదేళ్లలో 50 కోట్ల డాలర్ల వరకు ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఏడాదికి చూస్తే పాత మొత్తంలో మూడో వంతు కూడా కాదు, పైగా లెక్కలు చెప్పాలన్న షరతులతో.

మన దగ్గర ఇలాంటి నిధి ఉందా?

హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సుకు స్లాట్ మెషీన్ల ఆదాయం లేదు. ఇక్కడ డబ్బు ప్రవాహం ఎదురు దిశలో ఉంటుంది. గుర్రప్పందేలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతమైంది.

అయినా ఒంటారియో అనుభవం ఏ సబ్సిడీకైనా వర్తిస్తుంది. ఏ రంగానికైనా ప్రభుత్వం సాయం ప్రకటించినప్పుడు మూడు విషయాలు చూడాలి: డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతోంది, దానికి లెక్క ఎవరు చెబుతారు, ఆపాల్సి వస్తే ఎంత గడువిస్తారు. ఒంటారియో మొదటి రెండింటినీ 14 ఏళ్లు పట్టించుకోలేదు. మూడోదాన్ని ఒక్క బడ్జెట్‌లో తేల్చేసింది. అందుకే రెండేళ్లు తిరగకముందే మళ్లీ ఖజానా తెరవాల్సి వచ్చింది.