ఇరవై గళ్ళ గుహలో ఆరుగురు

ఒక గ్రాఫు కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. అడ్డంగా 20, నిలువుగా 20 గళ్ళు ఉండేలా ఒక చతురస్రం గీయండి. ఎడమవైపు అట్టడుగు మూలనున్న గడిలో మీరు నిలబడి ఉన్నారనుకోండి. ముఖం ఉత్తరానికి ఉంది. మీ వెంట మరో అయిదుగురు ఉన్నారు. అంతా చీకటి. ముందున్న ఒకటి రెండు గళ్ళు తప్ప ఏమీ కనిపించదు. ఒక్కో అడుగూ వేస్తూ, ఎదురైన గోడనూ తలుపునూ కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పోవాలి. తిరిగి రాగలిగేది ఆ కాగితం సరిగ్గా ఉంటేనే. పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలిసి, రావడం తెలియని అభిమన్యుడి కథ మీకు తెలిసిందే కదా!

1981 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన ‘విజార్డ్రీ’ అనే కంప్యూటరు ఆట ఇలాగే మొదలవుతుంది. వెర్డ్నా అనే మాంత్రికుడు ఒక తాయెత్తును దొంగిలించి, భూమి లోపల పది అంతస్తుల గుహలో దాక్కున్నాడు. ట్రెబర్ అనే పిచ్చి ప్రభువుకు అది తిరిగి కావాలి. ఆరుగురు సాహసికులను తయారుచేసి, పదవ అంతస్తు దాకా నడిపించి, తాయెత్తును తీసుకురావడం మీ పని. కథ అంతే. పెద్ద కథేమీ కాదు. కానీ ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో, చిన్న యంత్రంలో ఎలా ఇమిడిందో తెలుసుకుంటే కథకన్నా అదే ఆసక్తిగా ఉంటుంది.

దీని వంశవృక్షాన్ని వెనక్కి వెతుక్కుంటూ పోతే మన చదరంగం దగ్గర తేలుతాం. 7వ శతాబ్దంలో బాణభట్టు రాసిన హర్షచరితంలోనే చతురంగం ప్రస్తావన ఉంది. రథ, గజ, తురగ, పదాతి దళాల ఆ ఆట పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్ నగరంలో హెల్‌విగ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు చదరంగం బల్లను బాగా పెంచి, గళ్ళకు రంగులు వేసి, కొండలనూ నదులనూ చూపించాడు. అయినా ఒక లోపం మిగిలింది. చదరంగంలో బంటు ఏనుగు మీదికి వస్తే ఏనుగు చావక తప్పదు. యుద్ధంలో అలా జరగదు. కాబట్టి 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ గళ్ళను తీసేసి నిజమైన పటాన్ని పెట్టాడు. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పాచికలు పెట్టాడు. వీటన్నిటి పైన ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. ఆ మధ్యవర్తిని గుర్తుంచుకోండి, అతనితో మనకు పని ఉంది.

సైనికుల ఆట మెల్లగా పౌరుల కాలక్షేపమైంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ప్రచురించారు. ఇందులో ఆటగాడు సైన్యాన్ని నడపడు. ఒకే ఒక్క మనిషిగా ఆడతాడు. ఆ మనిషి బలం, తెలివి వంటి ఆరు గుణాలను మూడేసి పాచికలు వేసి నిర్ణయిస్తారు. మూడు పాచికలు పడే తీరులు 6×6×6, అంటే 216. అన్నిటికన్నా మంచి అంకె 18 పడే తీరు ఒక్కటే. అంటే 216 సార్లలో సగటున ఒక్కసారి. మధ్యవర్తి గుహను ఊహించి, పటం గీసి దాచిపెట్టుకుని, మీకు కనిపించేది మాటల్లో చెబుతాడు. అయితే మధ్యవర్తి మనిషి. మీ వాడు చావబోతుంటే జాలిపడగలడు, ఒక పాచికను చూసీ చూడనట్టు పోనివ్వగలడు.

ఆ మధ్యవర్తి స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టాలన్న ఆలోచన విద్యార్థులకు వచ్చింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డోనాల్డ్ బిట్జర్ ‘ప్లేటో’ అనే కంప్యూటరు బోధన వ్యవస్థను ప్రారంభించాడు. దానికోసమే ఆయన, మరి ఇద్దరు కలిసి 1964లో ప్లాస్మా తెరను కనిపెట్టారు. 1972 నాటికి ప్లేటో తెర మీద అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు నారింజ రంగులో వెలిగేవి. పాఠాల కోసం పెట్టిన ఈ యంత్రాల మీద రాత్రిళ్ళు ఆటలు పుట్టాయి. 1975 నాటి ఒక గుహ ఆట పేరు ‘పెడిట్5’. ఇదేం పేరు అంటారేమో! జనాభా, ఇంధనం మీద పరిశోధించే బృందానికి కేటాయించిన ఫైళ్ళలో అదొకటి. ఆటను పాఠం ఫైలులో దాచారన్నమాట. నిర్వాహకులు కనిపెట్టి చెరిపేసేవారు, అది మళ్ళీ పుట్టుకొచ్చేది. ఎవరో ఎక్కడో ఒక ప్రతిని దాచి ఉంచబట్టి అది ఈనాటికీ మిగిలింది. చెరిగిపోయినవి ఎన్నో!

1977లో అదే ప్లేటో మీద ‘ఊబ్లియెట్’ వచ్చింది. వేర్వేరు టెర్మినళ్ళ దగ్గర కూర్చున్నవారు, ఒక్కొక్కరు ఒక్కో పాత్రతో, గుంపుగా గుహలోకి దిగేవారు. గుహ గోడలను ఉత్త గీతలతో, మన కళ్ళతో చూస్తున్నట్టే గీసేది ఆ ప్రోగ్రాము. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ ప్లేటో టెర్మినళ్ళు ఉండేవి. అక్కడి విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ కలిసి రాసిందే విజార్డ్రీ. గీతల గుహ, కల్పిత భాషలో మంత్రాలు ఊబ్లియెట్‌లో ముందే ఉన్నాయి. అప్పు పెద్దదే, కాదనలేం. అయితే వీళ్ళు ఆ అనుభవాన్ని ఇంట్లో బల్ల మీద పట్టే యాపిల్-2 యంత్రానికి తెచ్చారు. గుంపు కోసం స్నేహితులను వెతకనక్కర లేకుండా ఆరుగురినీ ఒక్కరి చేతికే ఇచ్చారు. అన్నట్టు, వెర్డ్నా, ట్రెబర్ పేర్లను ఇంగ్లీషులో రాసి వెనక నుంచి చదివి చూడండి. ఆండ్రూ, రాబర్ట్ కనిపిస్తారు.

ఆ యాపిల్-2 ఎంత యంత్రమో చూద్దాం. ఆటకు దొరికే జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు, అంటే 49,152 బైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో దాస్తే అందులో సగానికి పైగా నిండిపోతుంది. ఫ్లాపీ మీద 35 వలయాలు, ఒక్కో వలయంలో 16 భాగాలు, ఒక్కో భాగంలో 256 బైట్లు ఉండేవి. గుణించి చూసుకోండి, 1,43,360 బైట్లు. అందులోనే పది అంతస్తులూ, రాక్షసులూ, మంత్రాలూ, బొమ్మలూ ఇమడాలి.

ఎలా ఇమిడాయి? ఒక గడికి నాలుగు పక్కలుంటాయి. ఒక్కో పక్క ఖాళీ కావచ్చు, గోడ కావచ్చు, తలుపు కావచ్చు, రహస్య తలుపు కావచ్చు. నాలుగే అవకాశాలు కాబట్టి రెండు బిట్లు చాలు. నాలుగు పక్కలకు ఎనిమిది బిట్లు, అంటే సరిగ్గా ఒక బైటు. ఒక అంతస్తుకు 400 గళ్ళు, 400 బైట్లు. ఇంతకన్నా పొదుపు చేయవచ్చు కదా, పక్కపక్క గళ్ళ మధ్య గోడ ఒకటే కదా అని మీకు అనిపించవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆ గోడను రెండుసార్లు రాయడంలోనే ఒక కొంటెతనం దాగుంది. ఈ గడి వైపు నుంచి ‘తలుపు’ అనీ, అవతలి గడి వైపు నుంచి ‘గోడ’ అనీ రాస్తే? మీరు తలుపు తీసుకుని లోపలికి వెళతారు, వెనక్కి తిరిగి చూస్తే తలుపుండదు. అప్పుడు తెలుస్తుంది, గ్రాఫు కాగితం మీద పెన్సిలే ఎందుకు వాడాలో.

ఇంకా ఉన్నాయి. కొన్ని గళ్ళలో కాలు పెడితే మీకు తెలియకుండానే ముఖం వేరే దిక్కుకు తిరిగిపోతుంది. కొన్ని అంతస్తులలో ఉత్తరపు అంచు దాటితే దక్షిణపు అంచున తేలుతారు, తూర్పు అంచు దాటితే పడమటి అంచున తేలుతారు. అంటే ఆ అంతస్తు చదునైన కాగితం కాదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఆ గొట్టం రెండు కొసలూ కలిపితే వచ్చే ఆకారం. మన గారె ఆకారమే. గణితంలో దీన్ని టోరస్ అంటారు. మ్యాపు గీస్తూ గీస్తూ కాగితం అంచు దాటిపోయిన కుర్రవాడు, తాను గారె మీద నడుస్తున్నానని తనకు తానే కనిపెట్టాలి. డూమాపిక్ అనే మంత్రం వేస్తే మెట్ల నుంచి ఎంత తూర్పున, ఎంత ఉత్తరాన, ఎంత లోతున ఉన్నారో అంకెల్లో చెబుతుంది. నిరూపక జ్యామితి నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉపాధ్యాయుడిని నేను చూడలేదు.

ఇక ఆట సంగతి. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు నిలుస్తారు. ముందు వరుసవారే కత్తి దూయగలరు, వెనక వారు మంత్రాలతో సాయపడతారు. పాత్రను తయారుచేసేటప్పుడు గుణాలకు పంచుకోమని యంత్రం కొన్ని అదనపు పాయింట్లు ఇస్తుంది. సాధారణంగా 7 నుంచి 10, ఎప్పుడో అదృష్టం కొద్దీ 17 పైన. ఆ పెద్ద అంకె కోసం పాత్రలను సృష్టించడం, చెరిపేయడం, మళ్ళీ సృష్టించడం, ఇలా గుహలో అడుగు పెట్టకుండానే సాయంత్రాలు గడిపేసినవారు ఎందరో.

మొదటి అంతస్తులో మీ మంత్రగాడికి రెండే మంత్రాలు వేసే శక్తి ఉంటుంది. ఒక దెబ్బ గట్టిగా తగిలితే ప్రాణం పోతుంది. ఒకటి రెండు పోట్లాటలు కాగానే ఊరికి తిరిగి రావాలి. సత్రంలో డబ్బు పెట్టి మంచి గదిలో పడుకుంటే గాయాలు మానుతాయి, కానీ వారాలు గడిచి వయసు పెరుగుతుంది. గుర్రపుశాలలో పడుకుంటే పైసా ఖర్చు లేదు. గాయాలు మానవు గానీ మంత్రశక్తి తిరిగి వస్తుంది. కాబట్టి తెలివైన ఆటగాళ్ళు ఏం చేశారంటే, పూజారిని ఒక్కడినే గుర్రపుశాలలో పడుకోబెట్టి, లేచాక అతని చేత అందరికీ వైద్యం చేయించి, మళ్ళీ పడుకోబెట్టేవారు. నియమాలను చదివి వాటి సందుల్లోంచి దారి వెతకడం ఈ ఆటలో సగం ఆనందం. మరో సంగతి. నాలుగవ అంతస్తులో ఒక కాపలా గుంపును గెలిస్తే నీలి రిబ్బను దొరుకుతుంది. దానితో లిఫ్టు ఎక్కి నేరుగా తొమ్మిదవ అంతస్తుకు పోవచ్చు. మధ్యలోని నాలుగు అంతస్తులతో ఆట ముగింపుకు పనే లేదు! రచయితల పొరపాటో, ఉద్దేశమో గానీ, నాకు మాత్రం అది బాగానే అనిపిస్తుంది. అవసరం లేని చోటికి కూడా వెళ్ళి చూడాలనుకునేవారే కదా ఇలాంటి ఆటలు ఆడేది.

ఇప్పుడు మధ్యవర్తి దగ్గరికి వద్దాం. వైకుంఠపాళిలో పాము మింగితే కిందికి దిగుతాం, మళ్ళీ పందెం వేస్తాం. విజార్డ్రీలో పాత్ర చనిపోతే ఆ సంగతి వెంటనే ఫ్లాపీ మీద రాసేస్తుంది యంత్రం. నిన్నటి స్థితికి తిరిగి వెళ్ళే సదుపాయం ఆటలో లేదు. శవాన్ని ఊరికి మోసుకొస్తే గుడిలో రుసుము తీసుకుని బతికించడానికి ప్రయత్నిస్తారు. అది కూడా విఫలం కావచ్చు, అప్పుడు మనిషి బూడిద అవుతాడు. మళ్ళీ రుసుము, మళ్ళీ ప్రయత్నం. ఈసారీ విఫలమైతే ఆ పేరు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది. వారాల తరబడి పెంచినవాడు! మాలర్ అనే మంత్రంతో గుహలో ఎక్కడికైనా ఎగిరిపోవచ్చు. కానీ అంకెలు తప్పు చెప్పి బండరాయిలోకి దిగితే ఆరుగురూ ఒకేసారి పోతారు.

ఆరుగురూ పోరులో చనిపోతే శవాలు ఆ గడిలోనే పడి ఉంటాయి. మీరు కొత్తగా మరికొందరిని తయారుచేసి, వారిని పెంచి, అదే గడి దాకా నడిపించి, పాతవారిని వెతికి మోసుకురావాలి. ఆ గడి ఏదో మీ కాగితం మీద గుర్తు పెట్టుకుని ఉంటేనే! గుంపులో ఆరుగురికే చోటు కాబట్టి, ముగ్గురిని తేవాలంటే ముగ్గురితోనే దిగాలి. బలహీనంగా వెళ్ళాలి, భారంగా తిరిగి రావాలి. ఆ ప్రయాణం ఏ కథా చెప్పకుండానే గుండె దడ పుట్టిస్తుంది.

సహజంగానే దొంగదారులూ పుట్టాయి. చావు ఖాయమని తెలియగానే, యంత్రం రాసేలోపు ఫ్లాపీని బయటికి లాగేసేవారు, లేదా కరెంటు మీట ఆపేసేవారు. ఫ్లాపీకి నకళ్ళు తీసి దాచుకునేవారు. పాత్రల అంకెలను మార్చే ప్రోగ్రాములు బజారులోకి వచ్చాయి. యంత్రానికి జాలి లేదు గనుక, ఆ జాలిని ఆటగాళ్ళే సంపాదించుకున్నారన్నమాట. తప్పా ఒప్పా అంటే, ఆడేది మీరు, మీరే తేల్చుకోండి. నేను మాత్రం మీట నొక్కినవాడినే.

1982 జూన్ చివరికి ఈ ఆట 24,000 ప్రతులు అమ్ముడైంది. ఇళ్ళలో కంప్యూటర్లు కొద్దిగానే ఉన్న ఆ రోజులకు అది పెద్ద సంఖ్య. 1982లోనే రెండవ భాగం వచ్చింది, దానిలోకి మొదటి భాగంలో పెంచిన పాత్రలనే తీసుకుపోవాలి. ‘బార్డ్స్ టేల్’ 1985లో, ‘మైట్ అండ్ మ్యాజిక్’ 1986లో, ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ 1988లో ఇదే బాటలో వచ్చాయి.

జపానులో దీని కథ మరో మలుపు తిరిగింది. అక్కడ 1986లో వచ్చి దేశాన్ని ఊపేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ రూపకర్త యూజీ హోరీ విజార్డ్రీ అభిమాని. అమెరికన్ విద్యార్థులు ఆటలో చమత్కారాలు బోలెడు చల్లారు. ఒక గొప్ప కత్తికి వాళ్ళు పెట్టిన పేరు, అమెరికా వంటిళ్ళలో కూరగాయలు తరిగే ఒక యంత్రం పేరును గుర్తుచేసేది. మనవాళ్ళు అర్జునుడి బాణానికి మిక్సీ కంపెనీ పేరు పెట్టినట్టు! జపాను పాఠకులకు ఆ యంత్రం తెలియదు. వాళ్ళు దాన్ని ఏ మహాశిల్పి చేసిన కత్తో అనుకున్నారు. నవ్వులాట కాస్తా పురాణమైంది. సొంత గడ్డ మీద ఈ వరుసలోని ఎనిమిదవ ఆట 2001లో వచ్చాక ఆ సంస్థ మూతపడింది. జపానులో మాత్రం కొత్త విజార్డ్రీలు వస్తూనే ఉన్నాయి.

2024 మే నెలలో మొదటి ఆటను కొత్త రంగులతో, మూడు కొలతల బొమ్మలతో తిరిగి విడుదల చేశారు. గ్రీన్‌బర్గ్ అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశాడు. ఆ కొత్త ఆట లోపల నడిచేది 1981 నాటి ప్రోగ్రామే. కావాలంటే తెర మీద ఒక చిన్న కిటికీలో పాత యాపిల్-2 తెరను పక్కనే చూసుకోవచ్చు. ఇటు రాక్షసుడు రంగుల్లో కత్తి ఎత్తుతుంటాడు. అటు కిటికీలో నల్లటి తెర మీద నాలుగు తెల్లగీతలు, ఒక తలుపు, కింద ఆరుగురి పేర్లు, వాళ్ళ ఎదురుగా మిగిలిన ప్రాణం అంకెల్లో కనిపిస్తుంటుంది.