తప్పు నుంచి కేడీ దాకా

కడప జిల్లా ఎర్రగుడిపాడులో రేనాటి చోళుల కాలపు శాసనం ఒకటి ఉంది. సుమారు 6వ శతాబ్దిది. ఒక బ్రాహ్మణుడికి ఇచ్చిన పొలం సంగతి చెప్పి, ఈ దానానికి వక్రంగా వచ్చినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని ముగుస్తుంది. మనకు దొరికిన తొలి తెలుగు రాతల్లోనే కట్టుబాటు మీరేవాడు ఉన్నాడన్నమాట. కానీ అతనికంటూ ఒక పేరు లేదు. చేసిన పని ఉంది, దానికి తగిలే పాపం ఉంది.

మనిషిని కాక పనిని పట్టుకునే ఆ తీరు మన మాటల్లో చాలాకాలం నిలిచింది. 'తప్పు'నే తీసుకోండి. దారి తప్పుతాం, మాట తప్పుతాం, లెక్క తప్పుతుంది. ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరగడమే తప్పు. ఊరి పంచాయతీల్లో జరిమానాను కూడా తప్పే అన్నారు. పెద్దలు తప్పు వేస్తారు, చేసినవాడు తప్పు కడతాడు. కట్టాక మళ్ళీ ఊళ్ళో మనిషే. 'దండుగ' కూడా మొదట జరిమానాయే, ఊరికే పోయిన సొమ్ము అన్న అర్థం ఇప్పుడు పైకొచ్చింది. ఆ కాలమంతా మెత్తనిదని నేననడం లేదు. కులకట్టుబాటు దాటినవాడికి 'వెలి' ఉండేది. నిప్పూ నీళ్ళూ పుట్టనివ్వని ఆ శిక్షకు గడువు ఉండేది కాదు.

13వ శతాబ్దిలో కవి కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెలుగు చేశాడు. అందులో వ్యవహారం ఒక కాండ, ప్రాయశ్చిత్తం వేరొక కాండ. రాజు ముందు తేలాల్సిన నేరానికీ, మనిషి తనంతట తాను కడుక్కోవాల్సిన పాపానికీ అప్పటికే వేరువేరు తావులున్నాయి.

ఆ తర్వాత ఫార్సీ కచేరీల మాటలు వచ్చాయి. ఖైదీ, ఫిర్యాది, జామీను అన్నీ అలా దిగినవే. వచ్చినవి వచ్చినట్టు ఉండలేదు. ఉర్దూలో ఖూనీ అంటే చంపినవాడు, మనకు చంపడమే ఖూనీ. 'ముద్దాయి' కథ ఇంకా విచిత్రం. దాని అరబ్బీ మూలానికి అర్థం దావా వేసినవాడు. ఉర్దూలో ఇప్పటికీ అదే. తెలుగులో మాత్రం ఆ మాట అవతలి పక్షానికి మారి, బోనులో నిలబడ్డవాడి పేరయింది. దావా వేసినవాణ్ణి ఫిర్యాది అనడం అలవాటయ్యాక, మిగిలిన మాట ఎదుటివాడికి అంటుకుందని నా ఊహ. తెలంగాణలో నిత్యం వినిపించే బద్మాష్‌కు మూలార్థం చెడ్డ బతుకుతెరువు గలవాడు.

ఏ నేరమూ లేనివాళ్ళ నుంచి తీసుకున్న తిట్లు నన్ను ఎక్కువ బాధపెడతాయి. చెడ్డవాణ్ణి 'వెధవ' అంటాం. అది 'విధవ' నుంచి వచ్చింది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి దుఃఖాన్ని తీసి దుర్మార్గుడికి పేరుగా పెట్టాం. 'పోరంబోకు' శిస్తు లెక్కకు ఎక్కని నేల. ఆ మాటనే తీరూ తెన్నూ లేనివాడి మీద వేశాం.

లెక్కల పుస్తకం మనిషి మీద ముద్ర వేయడం ఇంగ్లీషు ప్రభుత్వం వచ్చాక పూర్తయింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911 సవరణతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. దానితో చేసిన పనితో నిమిత్తం లేకుండా పుట్టుకే నేరమైంది. ఎరుకలవాళ్ళు ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకుని బతికినవాళ్ళు. రైళ్ళు, ఉప్పు మీద సర్కారు పెత్తనం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఆ తర్వాత వాళ్ళ తిరుగుడునే అనుమానించారు. వాళ్ళను ఉంచడానికి బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడివాళ్ళు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే కదలకూడదు. 'స్టువర్టుపురం' అన్న ఊరి పేరే దొంగకు మారుపేరయింది. ఆ మాటను సినిమాలు ఇంటింటికీ చేర్చాయి.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పోవాలని పట్టుబట్టినవాళ్ళలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య ముందువరసలో ఉంటారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే అది రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ జనాలకు 'విముక్త జాతులు' అన్న పేరు వచ్చింది. తర్వాత కవి జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం స్టువర్టుపురం వెళ్ళి ఆ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు.

కానీ పేరు చెరిపిన చోటే 'అలవాటు నేరస్తులు' అన్న కొత్త పేరుతో చట్టాలు వచ్చాయి. స్టేషన్లో కె.డి. షీటు, రౌడీ షీటు కొనసాగాయి. పోలీసు దస్త్రంలోని ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలు కలిసి 'కేడీ' అన్న తెలుగు మాటయ్యాయి. పాత శిక్షాస్మృతిలో మోసం సెక్షన్ అంకె 'ఫోర్ ట్వంటీ' దానికి తోడు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలయ్యాక మోసం 318వ సెక్షన్‌లోకి వెళ్ళింది, వీధిలో మోసగాడు మాత్రం ఇంకా ఫోర్ ట్వంటీయే.

'నిందితుడు', 'దోషి' అని పత్రికలు తేడా పాటించినప్పుడు నాకు ఎర్రగుడిపాడు రాయి గుర్తొస్తుంది. ఏం జరిగిందో తేలేదాకా పేరు పెట్టకుండా ఆగడం ఆ తేడాలో ఉంది. పుట్టుకను బట్టి వేసే ముద్రను తుడిచే పని మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. అప్పటికి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పోయి 72 ఏళ్ళు.