చాంద్ కనిపించిందా? వార్తకు గవాహి ఎవరు?

రంజాన్ 29వ రోజు మగ్రిబ్ దాటగానే ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఒకరు "చాంద్ ముబారక్" అంటారు, ఇంకొకరు "ఫలానా ఊళ్లో కనిపించిందట" అంటారు. తరావీహ్‌కు వెళ్లాలా, షీర్ ఖుర్మాకు పాలు తెప్పించాలా? ఇంట్లో ఎవరికీ తేలదు.

దీన్ని తేల్చేది రూయతే హిలాల్ కమిటీ. హిజ్రీ నెలకు 29 లేదా 30 రోజులే. 29న నెలవంక కనిపించినట్టు రుజువు కాకపోతే 30 పూర్తి చేస్తారు. ఆ సాయంత్రం హైదరాబాద్‌లో ఉలమా కూర్చుని జిల్లాల నుంచి, బయటి రాష్ట్రాల కమిటీల నుంచి కబురు తెప్పించుకుంటారు. వాళ్లకు "కనిపించిందట" అనే మాట పనికిరాదు, "నేను చూశాను" అనేవాళ్లు కావాలి. అదే షహాదత్, ఇంట్లో మాట్లాడే భాషలో గవాహి.

హనఫీ ఫిఖ్‌లో దీనికి లెక్క ఉంది. ఆకాశం మబ్బు పట్టి ఉంటే రంజాన్ మొదలుకు నమ్మకస్తులైన ఒక్కరి మాట చాలు. ఈద్ చాంద్‌కు మాత్రం ఇద్దరు మగవాళ్లు, లేదా ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్లు చెప్పాలి. ఆకాశం తేటగా ఉంటే ఒకరిద్దరి మాట సరిపోదు, చాలామంది చూసి ఉండాలి. ఊరంతటికీ కనిపించాల్సింది ఇద్దరికే ఎలా కనిపించింది అన్నది అక్కడి ప్రశ్న. వార్త తెచ్చినవాడు ఎలాంటివాడో చూసి తహ్కీక్ చేయమని సూరా హుజురాత్ 6వ ఆయత్ కూడా చెబుతుంది.

చాంద్ విషయంలో పొరపాటు జరిగితే ఒక రోజా ఖజా చేసుకోవచ్చు. అన్ని వార్తలూ అలా దిద్దుకునేవి కావు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వాట్సాప్ నిండా మెసేజ్‌లే. మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్‌కు చెందిన యువ ముస్లిం ఇంజినీర్ అలాగే ప్రాణం కోల్పోయాడు. అతనూ, స్నేహితులూ చేసిందల్లా దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే. వాళ్ల కారు కంటే వాళ్ల వీడియో ముందు వెళ్లింది. ఆ రోజుల్లో బాగా తిరిగిన ఇంకో వీడియో అయితే మన దేశానిదే కాదు. పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన అవగాహన చిత్రం అది. బైక్ మీద ఎత్తుకెళ్లిన పిల్లాడిని తిరిగి తెచ్చి దింపే చివరి ముక్కను ఎవరో కత్తిరించేశారు.

ఆ జూలైలోనే వాట్సాప్ 'ఫార్వర్డెడ్' గుర్తు పెట్టింది, భారత్‌లో ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా చేసింది. రెండు బాణాల గుర్తు ఉంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తాయి. ఆ గుర్తున్నంత మాత్రాన అది అబద్ధమని కాదు. పంపినవాళ్లు గవాహి కాదని మాత్రం తెలుస్తుంది. ఫ్యామిలీ గ్రూపుల్లో అసలు చిక్కు ఇక్కడే. మామూ అబద్ధం చెప్పరు, నిజమే. కానీ మామూ చూడలేదు కదా.

అనుమానం ఉన్న ఫోటోలు, వీడియోల సంగతి హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ సంస్థ తెలుగులోనే తేల్చి రాస్తుంది. చాంద్ రాత్రి కమిటీ లెటర్ ఫోటో వస్తే ముందు దాని మీద హిజ్రీ సంవత్సరం చూడాలి, అది నిరుటిది కావచ్చు. సౌదీ ప్రకటన అయితే అది అక్కడి ఈద్‌కే.