అతిమధురం ముద్రతో మూసిన పెట్టె

అతిమధురం అంటే మనకు దగ్గు మందు. పుల్ల ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తే గొంతు గరగర తగ్గుతుంది. ఇంగ్లండులో, యార్క్‌షైర్ ప్రాంతంలోని పాంటిఫ్రాక్ట్ అనే చిన్న ఊరికి ఆ వేరు వల్లే పేరొచ్చింది. 1760లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల వ్యాపారి దాని రసానికి చక్కెర కలిపాడనీ, అప్పటిదాకా మందుగా ఉన్న బిళ్ల అలా మిఠాయి అయిందనీ అక్కడివాళ్లు చెబుతారు. నాణెమంత నల్లటి బిళ్ల, దాని మీద కోట, గుడ్లగూబ బొమ్మలతో ఒక ముద్ర. 1872 ఆగస్టు 15న ఆ ముద్ర మిఠాయి మీద కాక ఓట్ల పెట్టెను మూసిన లక్క మీద పడింది. బ్రిటన్‌లో రహస్య ఓటుతో పార్లమెంటు సభ్యుణ్ని ఎన్నుకున్న మొదటి రోజది.

అంతకుముందు ఓటు బహిరంగం. ఊరి నడుమ చెక్కలతో ఎత్తుగా వేదిక కట్టేవారు. అభ్యర్థుల పేర్లు అక్కడే చదివితే కింద జనం చేతులెత్తేవారు. ఓడినవాడు ఒప్పుకోకపోతే అప్పుడు పోలింగు. ఓటరు గుమస్తా ముందు నిలబడి, తన పేరూ తను కోరుకున్నవాడి పేరూ నలుగురూ వినేలా చెప్పాలి. గుమస్తా పుస్తకంలో రాసుకుంటాడు. చాలాచోట్ల ఆ పుస్తకాలను తర్వాత అచ్చేసి అమ్మేవారు కూడా! చెప్పులు కుట్టి బతికేవాడు ఎవరికి ఓటేశాడో భూస్వామీ, అప్పిచ్చినవాడూ తీరిగ్గా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కౌలు ఊడిపోవడానికీ, అంగడికి బేరాలు ఆగిపోవడానికీ అంతకంటే ఏం కావాలి? ఇక పోలింగు రోజున బీరు పీపాల సంగతి చెప్పనక్కర్లేదు. ఏ అభ్యర్థి లెక్కలో ఎంత పారిందో ఊరంతటికీ తెలిసేది.

దీన్ని మార్చాలన్న మాట కొత్తదేమీ కాదు. 1830లలో జార్జ్ గ్రోట్ అనే సభ్యుడు పార్లమెంటులో పదే పదే తీర్మానం పెట్టి పదే పదే ఓడిపోయాడు. 1838లో కార్మికుల పక్షాన చార్టిస్టులు ముందుకు తెచ్చిన ఆరు కోర్కెల్లో రహస్య ఓటు ఒకటి. ఎదురు నిలిచినవారిలో జాన్ స్టువర్ట్ మిల్ ఉండటం మాత్రం వింతే. ఆయన తండ్రి జేమ్స్ మిల్ రహస్య ఓటును గట్టిగా కోరినవాడు. కొడుకు మాత్రం ఓటు సొంత ఆస్తి కాదు, సమాజం తరఫున అప్పగించిన బాధ్యత అన్నాడు. బాధ్యత అయినప్పుడు నలుగురి ఎదుట నిర్వర్తించాలి కదా అని ఆయన వాదన. తీసిపారేయదగ్గ మాట కాదది. కానీ ఆ నలుగురిలో ఇంటి యజమాని ఉంటే, మిల్ తర్కం అద్దె కట్టలేనివాడికి అన్నం పెట్టదు.

దారి చూపింది ఆస్ట్రేలియా వలస రాజ్యాలు. 1856లో టాస్మేనియా, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా మూడూ రహస్య ఓటును చట్టంగా చేసుకున్నాయి. విక్టోరియాలో తీర్మానం తెచ్చినవాడు విలియం నికల్సన్, పద్ధతికి రూపం ఇచ్చినవాడు హెన్రీ చాప్‌మన్ అనే న్యాయవాది. అసలు కనిపెట్టింది పెట్టెను కాదు. పెట్టెలూ చీటీలూ అప్పటికే ఫ్రాన్సులో, అమెరికాలో ఉన్నాయి. అయితే అక్కడ చీటీ అచ్చేసేది అభ్యర్థుల మనుషులే. ఏ చీటీ చేతిలో ఉందో చూస్తే ఓటు ఎటో తెలిసిపోయేది. ఆస్ట్రేలియా పద్ధతిలో చీటీ సర్కారు అచ్చేస్తుంది, అందులో అందరి పేర్లూ ఉంటాయి, అది పోలింగు గదిలోనే చేతికొస్తుంది, మరుగున నిలబడి గుర్తు పెట్టాలి. విక్టోరియాలో అక్కర్లేని పేర్లు కొట్టేసేవారు. కావలసిన పేరు ఎదుట అడ్డగీతల గుర్తు పెట్టే పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో విలియం బూత్‌బీ తెచ్చాడు. ఇంత చిన్న ఏర్పాటుకు ఇన్ని శతాబ్దాలు పట్టడం నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంగ్లండులో 1867 సంస్కరణతో పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటొచ్చింది. ఓటర్లు పెరిగితే బెదిరింపులకు లొంగేవాళ్లూ పెరిగారు. ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం తరఫున డబ్ల్యూ.ఇ. ఫార్‌స్టర్ తెచ్చిన బిల్లును 1871లో ప్రభువుల సభ తోసిపుచ్చింది. మరుసటి ఏడాది జూలై 18న చట్టమైంది, అదీ తాత్కాలికంగా, 1880 దాకా మాత్రమే. తర్వాత పొడిగిస్తూ పోయారు. 150 మంది ఓటర్లకు ఒక మరుగు గదైనా ఉండాలని అందులో రాశారు. పోలింగు మొదలయ్యే ముందు పెట్టె ఖాళీగా ఉందని చూపించి, తాళం వేసి ముద్ర వేయాలి.

నెల తిరక్కుండానే పరీక్ష వచ్చింది. పాంటిఫ్రాక్ట్ సభ్యుడు హ్యూ చైల్డర్స్ మంత్రి అయ్యాడు. మంత్రి పదవి పుచ్చుకున్నవాడు మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లాలన్నది అప్పటి నియమం. కథలో నాకు బాగా నచ్చే ముక్క ఇదే: ఈ చైల్డర్స్ యువకుడిగా మెల్‌బోర్న్ వెళ్లి అక్కడి సర్కారులో పనిచేసినవాడు. విక్టోరియా శాసన మండలిలో కూర్చున్నవాడు, 1856లో అక్కడి తొలి శాసనసభకు ఎన్నికైనవాడు. ఈ పద్ధతి పుట్టినప్పుడు అక్కడే ఉన్న మనిషి, పదహారేళ్ల తర్వాత ఇంగ్లండులో దాని తొలి అభ్యర్థి అయ్యాడు.

ఆ రోజు ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందో పత్రికలు విడ్డూరంగా రాశాయి. తాగుడు తగ్గింది, గోల తగ్గింది. చైల్డర్స్‌కు 658 ఓట్లు, ప్రత్యర్థి పోలింగ్టన్ ప్రభువుకు 578.

లంచాలు దీంతో ఆగలేదు. వాటికి 1883లో ఖర్చుకు హద్దు పెట్టే మరో చట్టం కావలసివచ్చింది. ఐర్లండులో మాత్రం ఫలితం తొందరగానే తెలిసింది. 1874లో భూస్వాముల కళ్లు కప్పి ఓటేసే వీలు దొరకగానే స్వపరిపాలన కోరేవారు అరవై దాకా స్థానాలు గెలిచారు.

ఈ చట్టం పురపాలక ఎన్నికలకూ వర్తించింది. అదే స్త్రీలకు కలిసొచ్చింది. పార్లమెంటుకు ఓటు వాళ్లకు 1918 దాకా లేదు. కానీ పన్ను కట్టే ఒంటరి స్త్రీలకు 1869 నుంచే పట్టణ సభ ఎన్నికల్లో హక్కుంది. ఈ చట్టం కింద ఇంగ్లండులో ఆడవాళ్లు గుట్టుగా వేసిన ఓట్లు మంత్రుల కోసం కాదు, వీధి దీపాలూ మురుగు కాలువలూ చూసేవాళ్ల కోసం. 1894లో జిల్లా మండళ్లు ఏర్పడ్డప్పుడు పెళ్లయిన స్త్రీలు కూడా ఓటేసి, పోటీ కూడా చేయగలిగారు.

మన దేశంలో 1951-52 తొలి ఎన్నికల్లో ఇంకో దారి తొక్కారు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు, ఓటరు ఏమీ రాయని కాగితం వేయడమే. చదువు రానివాళ్లకు అది సరిపోయింది. ఇంగ్లండు చీటీ మీద మాత్రం పార్టీ పేరు రాసుకోనిచ్చింది 1969లోనే.

పాంటిఫ్రాక్ట్ సొంత పురపాలక సంఘం 1974 ఏప్రిల్ 1న రద్దయి వేక్‌ఫీల్డ్ జిల్లాలో కలిసిపోయింది. పెట్టె మాత్రం ఆ ఊరి మ్యూజియంలోనే ఉంది. లక్క మీద కోటా, గుడ్లగూబా ఇప్పటికీ ఉన్నాయి.