ఉత్తరాంధ్ర పట్టణాల్లో పార్కులు: ప్రవేశం కథ

విజయనగరంలో కోటకు 1713లో పునాది పడింది. కోట చుట్టూ ఊరు పెరిగేకొద్దీ జనం చేరే జాగాలు కొన్ని ఏర్పడ్డాయి: పెద్దచెరువు గట్టు, అయోధ్య మైదానం, మూడులాంతర్ల కూడలి, గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం తచ్చాడిన బొంకులదిబ్బ. వీటికి ప్రహరీ లేదు, టిక్కెట్టు లేదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే దారి పొడవునా జనమే. శ్రీకాకుళంలో నాగావళి రేవులదీ అలాంటి పాత్రే.

గేటు లేదు కదా అని అందరికీ ప్రవేశం ఉందనుకోవడానికి లేదు. బావి దగ్గరా, రేవు దగ్గరా కులం అడ్డుపడేది. ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, బహిరంగ స్థలాల్లో అంటరానితనాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కూడే చోట్లు అని పేరుపేరునా చెప్పి, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ ఆపకూడదంది. ఆ వరసలో వైకల్యం లేదు. చెరువు మెట్ల దగ్గర కులం ఆపకూడదు సరే, మెట్టే ఆపితే? ఆ సంగతి చట్టానికెక్కడానికి మరో 45 ఏళ్లు పట్టింది.

ఈలోగా మునిసిపాలిటీల పార్కులు వచ్చాయి. వాటితోపాటు ప్రహరీలు, గ్రిల్లులు. పశువులు, మోటారు సైకిళ్లు దూరకుండా గేటు పక్కన మనిషి ఒళ్లు తిప్పుకుని వెళ్లే సందు వదలడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆవును ఆపే ఆ సందే చక్రాల కుర్చీనీ, చంటిపిల్లల బండినీ ఆపుతుంది.

1995 నాటి వికలాంగుల చట్టం ర్యాంపులు కట్టమంది గానీ, ఆర్థిక స్తోమతను బట్టి అని ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. 2016 చట్టం వినోదానికి జనం వాడే కట్టడాలనూ లెక్కలోకి తెచ్చి, ఉన్నవాటిని మార్చడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022లోనే తీరిపోయింది. మధ్యలో, 2015లో, లక్ష జనాభా దాటిన పట్టణాల కోసం అమృత్ పథకం మొదలైంది. పార్కులు, పచ్చదనం కూడా అందులో భాగమే. విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఆ జాబితాలోవే.

అసలు తిరకాసు కొలతల్లో ఉంది. ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలి. అంటే అర అడుగు మెట్టుకు ఆరడుగులు, అలాంటి మెట్లు మూడుంటే 18 అడుగులు. స్కూటరు ఎక్కించడానికి రెండడుగుల్లో ముగించిన సిమెంటు వాలును ర్యాంపు అనడం కుదరదు. దాని మీద చక్రాల కుర్చీ వెనక్కి తూలుతుంది. బాట గట్టిగా, చదునుగా ఉండాలి. చూపులేనివారి పాదానికి తగిలే గీతల పలకలు కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఊతం పట్టి లేవడానికి బెంచీకి చేతులుండాలి. ఈ చివరిది ఖర్చు తక్కువ పని, మరిచిపోయేదీ ఎక్కువగా దాన్నే.

విశాఖలో బీచ్ రోడ్డు పక్కన నగరపాలక సంస్థ స్మార్ట్ సిటీ పథకం కింద ‘ఆల్ ఎబిలిటీస్ పార్కు’ కట్టింది. వైకల్యమున్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకోవడానికి వేసిన పార్కు అది. వేరే మూల కేటాయించడం కన్నా ఇదే సరైన పద్ధతి.

2024 నవంబరు 8న వికలాంగుల ప్రవేశ సౌకర్యాలపై రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదని, తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. పాత పార్కుల్లో ముందుగా మార్చాల్సింది గేటు. చక్రాల కుర్చీ పట్టడానికి 90 సెంటీమీటర్ల ఖాళీ చాలు.