వర్తకుని దానం - కొనుగోలుదారుకు చెప్పవచ్చునా? : చరిత్రలో ఒక పరిశీలన

ఇస్లామీయ వర్తక చరిత్రలో దానశీలురైన వ్యాపారులకు కొరత లేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వర్తకులు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మక్కాలోను, మదీనాలోను పేరుమోసిన వ్యాపారి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వట్టి చేతులతో మదీనాకు వలస వచ్చి, అన్సారీ సోదరుడు ఇవ్వజూపిన సగం ఆస్తిని కాదని, బజారుకు దారి ఎటో చెప్పమని అడిగిన సంగతి పాఠకులకు విదితమే. వీరి దానాలు చాలావరకు నలుగురికీ తెలిసినవే. తెలియకపోతే మన దాకా వచ్చి ఉండేవి కావు. అయితే తెలిసింది ఎవరికి, ఎందుకు అనే ప్రశ్నను అంతగా ఎవరూ వేసుకోరు. దానం పొందేవారికి తెలియడం ఒకటి, దానం చేయగల సాటివారికి తెలియడం మరొకటి. సరుకు కొనడానికి వచ్చిన మనిషికి తెలియజేయడం ఈ రెండింటికీ భిన్నమైనది. ఈ మూడవ దానిని గురించి పూర్వులు ఏమనుకున్నారో చూడడమే ఇక్కడి ఉద్దేశం.

దివ్య ఖుర్ఆన్ బహిరంగ దానాన్ని నిషేధించలేదు. అల్ బఖరా సూరా 271వ ఆయతు బహిరంగంగా ఇచ్చే దానాన్ని మంచిదనే పేర్కొని, గోప్యంగా నిరుపేదలకు అందజేయడం మరింత మేలు అంటుంది. అదే సూరా 274వ ఆయతు రాత్రింబవళ్ళు, రహస్యంగానూ బాహాటంగానూ ఖర్చు చేసేవారిని కలిపే ప్రశంసిస్తుంది. కాని 264వ ఆయతు మాట వేరు. ఇచ్చి దెప్పిపొడవడాన్ని, జనం చూడాలని ఇవ్వడాన్ని అది ఒకే గాటన కట్టింది. హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) అభిప్రాయంగా వ్యాఖ్యాతలు ఉదహరించిన దాని ప్రకారం ఐచ్ఛిక దానం గోప్యంగా, విధిగా చెల్లించే జకాత్ బహిరంగంగా ఉండడం శ్రేష్ఠం. జకాత్ పేదల హక్కు గనుక, దానిని చెల్లించడం లేదన్న అపోహకు తావు ఉండరాదన్నది ఇందులోని ఆంతర్యం.

దైవప్రవక్త (స) కాలంలో బహిరంగంగా జరిగిన దానాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో తబూక్ దండయాత్రకు హజ్రత్ ఉస్మాన్ (రజి) వెయ్యి దీనార్లు తెచ్చి అందరి ఎదుట దైవప్రవక్త (స) ఒడిలో పోశారు. ఎండకాలంలో, దూరప్రయాణానికి సైన్యాన్ని సమకూర్చవలసిన ఘడియ అది. రూమా బావిని కొని ముస్లిములందరికీ వదిలిపెట్టినదీ ఆయనే. అంతకు ముందు ఆ బావి నీళ్ళు అమ్మకపు సరుకు. బావిని దాచి దానం చేయడం ఎలా? దప్పిక గొన్నవాడికి దారి తెలియాలి కదా! ముజర్ తెగకు చెందిన కొందరు కాళ్ళకు జోళ్ళు లేక, ఒంటికి సరైన బట్టలు లేక మదీనాకు వచ్చినపుడు, వారి దురవస్థ చూసి దైవప్రవక్త (స) ముఖం వివర్ణమైంది. నమాజు తరువాత ప్రసంగించి దానానికి ప్రోత్సహించగా, ఒక అన్సారీ సోదరుడు చేతితో మోయలేనంత బరువైన మూటను తెచ్చాడు. అది చూసి ఒకరి వెంట ఒకరు తేగా ధాన్యం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. మంచి ఒరవడి పెట్టినవాడికి, దానిని అనుసరించిన వారి పుణ్యం కూడా దక్కుతుందనే శుభవార్త ఆ సందర్భంలోనిదే (సహీహ్ ముస్లిం).

దానాన్ని బహిరంగపరచడానికి సమర్థనగా మన వ్యాపారులు తరచు ఈ హదీసునే చూపుతారు. చూపవలసిందే. కాని ఆ మూట ఎవరి ఎదుట పెట్టబడింది? సాటి దాతల ఎదుట. అక్కడ అమ్మకం లేదు, కొనుగోలు లేదు. ఆ అన్సారీ పేరైనా ఈ హదీసులో లేకపోవడం గమనార్హం.

ఇక బజారు విషయం. మదీనా అంగడిలో ఒక ధాన్యపు కుప్పలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అయితే దానిని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. వర్తకుడు, కొనుగోలుదారు ఇద్దరూ నిజం చెప్పి, ఉన్నది ఉన్నట్లు వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందని హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖనం. ప్రమాణం చేసి అమ్మితే సరుకు చెల్లుతుందిగాని బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని మరో హదీసు. బేరం వేళ వర్తకుడు నోరు తెరవవలసిన విషయం లోపం. నోరు అదుపులో పెట్టుకోవలసిన విషయం దైవనామం. దానం ప్రస్తావన ఇక్కడ ఎక్కడా రాదు.

ఈ సూత్రాన్ని జీవితంలో నడిపి చూపిన వర్తకుడు కావాలంటే కూఫా నగరానికి వెళ్ళాలి. అక్కడ అమ్ర్ బిన్ హురైస్ గృహంలో పట్టు, ఉన్ని కలనేత అయిన "ఖజ్" బట్టల దుకాణం ఒకటి ఉండేది. దాని యజమాని నూమాన్ బిన్ సాబిత్, అనగా ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో జన్మించి హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాదులో పరమపదించిన ఈ మహనీయుణ్ణి మనం ధర్మశాస్త్రవేత్తగానే ఎరుగుదుము, కాని ఆయన చివరి దాకా వర్తకులు కూడా. ఖతీబ్ బాగ్దాదీ (1002-1071) తన "తారీఖె బాగ్దాద్"లో సేకరించిన ఉదంతాలు ఆ దుకాణాన్ని కళ్ళకు కడతాయి.

ఇమామ్ గారు బాగ్దాదుకు సరుకు పంపి, వచ్చిన లాభాలను కూడబెట్టి, హదీసు పండితుల తిండికీ బట్టకూ కావలసినవి కొని పంపేవారు. మిగిలిన దీనార్లు కూడా వారికే ఇచ్చేవారు. ఇస్తూ, తన సొమ్ములోనుంచి తాను ఏమీ ఇవ్వలేదనీ, ఇది వారి సరుకు మీద వచ్చిన లాభమేననీ, అల్లాహ్‌ను తప్ప ఎవరినీ స్తుతించవద్దనీ చెప్పేవారు. పుచ్చుకునే వారికే దాత కనబడకుండా చేసినవారు, కొనేవారికి తన దానాన్ని చాటి ఉంటారా?

మరొక ఉదంతం. ఒక వృద్ధురాలు వచ్చి, తాను బలహీనురాలిననీ, బట్టను పడిన ధరకే ఇమ్మనీ వేడుకుంది. నాలుగు దిర్హములకు తీసుకొమ్మన్నారు ఇమామ్ గారు. అంత తక్కువ ధర విని, ముసలిదాన్నని తనను ఎగతాళి చేయవద్దని ఆమె నొచ్చుకుంది. అప్పుడు ఆయన లెక్క విప్పి చెప్పారు: రెండు బట్టలు కొన్నాను, వాటిలో ఒకదాన్ని మొత్తం పెట్టుబడికి నాలుగు దిర్హములు తక్కువగా అమ్మాను, ఇక ఇది నాకు నాలుగు దిర్హములకే పడింది అని. చెప్పింది లెక్క మాత్రమే. అదీ ఆమె మనసు చిన్నబుచ్చుకున్నందువల్ల చెప్పారు. లేకుంటే అదీ చెప్పేవారు కారేమో.

అన్నిటికన్నా ప్రసిద్ధమైనది భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ ఉదంతం. ఇమామ్ గారు ఆయనకు సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపం ఉన్నదనీ, అమ్మేటప్పుడు దానిని కొనేవారికి తప్పక వివరించమనీ చెప్పి పంపారు. హఫ్స్ మరచిపోయి అమ్మివేశారు. కొన్నవారెవరో కూడా తెలియలేదు. సంగతి తెలిసిన ఇమామ్ గారు ఆ సరుకు మొత్తం మీద వచ్చిన సొమ్మును దానం చేసివేశారు. ఈ ఉదంతాన్ని దాతృత్వానికి నిదర్శనంగా మనవాళ్ళు చెబుతుంటారుగాని, అది సరికాదు. చెప్పవలసిన మాట కొనుగోలుదారుకు చెప్పడం జరగలేదు. అతణ్ణి వెదికి చెప్పే దారి లేదు. అందుకని సొమ్ము వదులుకోవలసి వచ్చింది. ఆ దానం తప్పిన మాటకు పరిహారం. బట్టలో లోపం చెప్పడం కొనేవాడి హక్కు. దానం సంగతి వినడం అతని హక్కూ కాదు, అవసరమూ కాదు.

ఆ దుకాణపు ఆచారాన్ని హనఫీ పండితులు తరువాతి శతాబ్దాలలో సూత్రంగా మలిచారు. క్రీ.శ. 1196లో మరణించిన ఫర్గానా ప్రాంతపు ధర్మశాస్త్రవేత్త ఖాజీ ఖాన్, తన ఫత్వాల సంపుటిలో పానీయాలు అమ్మేవాణ్ణి ప్రస్తావించాడు. అరబ్బులు "ఫుఖ్ఖా" అనే పానీయపు పాత్ర మూత తీస్తూ, కొనేవాడి కోసం అతడు దరూద్ పఠిస్తే పాపం చేసినవాడవుతాడు. తాను మేలుకొనే ఉన్నానని తెలియజేయడానికి కలిమా పలికే కావలివాడి సంగతీ అంతే. సభలో దరూద్ పఠించమని జనాన్ని కోరే పండితునికి మాత్రం పుణ్యమే. పలికిన మాట ఒకటే. ఉద్దేశాన్ని బట్టి తీర్పు మారింది.

17వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఔరంగజేబు ఆదేశంపై షేఖ్ నిజాం బుర్హాన్‌పురీ పర్యవేక్షణలో సంకలితమైన "ఫతావా ఆలంగీరీ"లో బట్టల దుకాణమే కనిపిస్తుంది. కొనడానికి వచ్చినవాడి ముందు బట్ట మడత విప్పుతూ, సరుకు శ్రేష్ఠతను తెలియజేసే ఉద్దేశంతో వర్తకుడు సుబ్‌హానల్లాహ్ అని, దరూద్ పఠించడం మక్రూహ్ అని అందులో ఉంది. ఇవి దానాన్ని పేర్కొన్న తీర్పులు కావు. దానం కూడా ఆరాధనే గనుక, దైవస్మరణకు వర్తించినది దానికీ వర్తిస్తుందని చెప్పడం సాదృశ్యం మీద ఆధారపడిన మాట. ఆ సాదృశ్యం బలహీనమైనదని ఎవరైనా వాదించవచ్చు: దరూద్ వల్ల పేదవాడికి కూడు దొరకదు, దానం వల్ల దొరుకుతుంది, అమ్మకం పెరిగితే దానమూ పెరుగుతుంది అని.

ఈ వాదాన్ని తేలికగా తోసివేయరాదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రతి సీసా మీద ఒక రూపాయి అనాథలకు పోతుందని వర్తకుడు కొనేవాడికి చెప్పాడనుకోండి. ఆ మాట నమ్మి అతడు ఈ దుకాణానికి వచ్చాడు. అప్పుడది వర్తకుని ఐచ్ఛిక దానంగా మిగలదు, బేరంలో ఒక షరతు అయి కూర్చుంటుంది. ఆ రూపాయి వర్తకుని చేతిలో అమానతు. చేరవలసిన చోటుకు అది చేరకపోతే, తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన దానికీ దీనికీ తేడా లేదు. కాబట్టి అలా చెప్పదలచిన వ్యాపారి పైసాతో సహా లెక్క చూపడానికి సిద్ధపడాలి. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను, 2014 ఏప్రిల్ 1 నుండి పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజహితానికి ఖర్చు చేసి, ఆ వివరాలను వార్షిక నివేదికలో చూపాలని విధించింది. నివేదికలో లెక్క చూపడం వేరు, సీసా మీద అచ్చువేయడం వేరు. మొదటిది జవాబుదారీ. రెండవది చాలాసార్లు కావలివాడి కలిమా.

ఈ కాలపు చరిత్రలో ఇందుకు తగిన ఉదాహరణ ఢిల్లీలో ఉంది. 1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ స్థాపించిన హమ్‌దర్ద్ దవాఖానా, రూహ్ అఫ్జా షర్బత్తు వల్ల రంజాన్ మాసంలో మన తెలుగు ఇళ్ళ దస్తర్‌ఖాన్ దాకా వచ్చింది. ఆయన కుమారుడు హకీం అబ్దుల్ హమీద్ (1908-1999) 1948లో ఆ సంస్థను వక్ఫ్ చేశారు. పాకిస్తాన్ వెళ్ళిన తమ్ముడు హకీం ముహమ్మద్ సయీద్ కరాచీలో స్థాపించిన సంస్థను 1953లో వక్ఫ్ చేశారు. 1989లో విశ్వవిద్యాలయ హోదా పొందిన జామియా హమ్‌దర్ద్ ఈ వక్ఫ్ ఫలితమే. వక్ఫ్ రహస్యం కాదు, కాకూడదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని వక్ఫ్ చేసిన నాటి నుండి అది షరతులతో వెల్లడి కావలసిన వ్యవహారం. "వక్ఫ్" అనే మాట దీర్ఘకాలం సంస్థ పేరులోనే ఉండేది. అయినా ఆ షర్బత్తు కొన్న లక్షలాది మందిలో, హిందువులేమి ముస్లిములేమి, అత్యధికులు దాని రుచి కోసమే కొన్నారు.

2025 ఏప్రిల్‌లో ఒక పోటీ వ్యాపారి తన గులాబీ షర్బత్తును ప్రచారం చేస్తూ ఆ స్థితిని తలక్రిందులు చేశాడు. ఫలానా షర్బత్తు తాగితే ఆ డబ్బుతో మసీదులు, మదరసాలు కడతారనీ, తమది తాగితే గురుకులాలు వెలుస్తాయనీ వీడియోలో చెప్పాడు. కొనేవాడి చెవిలో దానం సంగతి వేసి సరుకు అమ్మడం ఎంత దూరం పోగలదో అక్కడ కనబడింది. తన దానం తన సరుకుకు ఆకర్షణ అయింది, ఎదుటివాడి దానం ఎదుటివాడి సరుకులో లోపమై కూర్చుంది. హమ్‌దర్ద్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఏప్రిల్ 22న న్యాయమూర్తి, ఈ మాటలు న్యాయస్థానపు అంతరాత్మను కలచివేస్తున్నాయని తీవ్రంగా ఆక్షేపించారు. ఆ వీడియోలను తొలగిస్తామని ప్రతివాదుల తరఫు న్యాయవాది కోర్టుకు తెలియజేశారు.