అనాసకొండ మీద టవరు

ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నల్ని ఆమధ్య కౌలాలంపూర్ టవరు ఎక్కించాను. ఊరంతా కలయజూసి నాన్నగారు, "ఇంత ఖర్చు పెట్టి కట్టింది ఉత్తి చూడ్డానికేనట్రా?" అన్నారు. ఈ వారం ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకుందాం.

టవరున్న కొండ పేరు బుకిట్ నానాస్. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ, నానాస్ అంటే మన అనాసే. రెండు భాషలకీ ఆ మాట పోర్చుగీసు వాళ్ల నుంచే వచ్చింది. 19వ శతాబ్దపు యుద్ధాల్లో, ఒట్టికాళ్లతో వచ్చే శత్రువులు పైకెక్కకుండా ఇక్కడ ముళ్ల అనాస నాటారని చెప్పుకుంటారు. 1906లో ఈ కొండమీది అడవిని రక్షిత అడవిగా ప్రకటించారు.

టవరు పని 1991లో మొదలైంది. 1996 అక్టోబరు 1న అప్పటి ప్రధాని మహతీర్ ప్రారంభించారు. అసలు పని ప్రసారాలు. ఎఫ్.ఎం., టీవీ తరంగాలు దాదాపు మన చూపులాగే తిన్నగా పోతాయి. అడ్డంగా మేడలు లేస్తే వాటి వెనక ఇళ్లకి సరిగా అందవు. అందుకే 94 మీటర్ల కొండమీద 421 మీటర్ల టవరు కట్టారు. పెట్రోనాస్ జంట మేడలు 452 మీటర్లున్నా, పల్లపు నేలమీద ఉండడంతో ఈ టవరు కొసే వాటికన్నా పైన ఉంటుంది. మనం నిలబడి చూసే అంతస్తు 276 మీటర్ల దగ్గర. యాంటెనాలు మన నెత్తిమీద.

కట్టేటప్పుడు వందేళ్లు దాటిన ఒక జెలుతోంగ్ చెట్టు అడ్డొచ్చింది. కొట్టేయలేదు. దాదాపు 4,30,000 రింగిట్లు పెట్టి దాని చుట్టూ గోడ కట్టి కాపాడారు. మెచ్చుకోవలసిందే. కానీ చుట్టూ ఊరు పెరిగిన కొద్దీ అడవి తరిగిపోయి, ఇప్పుడు పది హెక్టార్ల లోపే మిగిలింది. ఒక్క చెట్టు దక్కిందని అడవి లెక్క మరిచిపోకూడదు.

ఇంకో సంగతి. రంజాన్ నెలవంక కోసం అధికారికంగా చూసే చోట్లలో ఈ టవరు ఒకటి. "చూడ్డానికీ, వినిపించడానికీ కూడా నాన్నగారూ" అన్నాను. ఆయన కింద అడవి వంక చూసి, "ఇదీ మిగలాలి మరి" అన్నారు.

ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, లిఫ్టు ఎక్కేముందు ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగండి. సెలవు.